వండేవారి ఆకలి

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. అనంతపురం జిల్లాలోని ఒక మిషనరీ శిక్షణ పాఠశాలలో నాలుగేళ్లుగా నా భర్త బోధకులుగా, నేను ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా పనిచేస్తున్నాము. వంటశాల బాధ్యత కూడా నాదే. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే మళ్లీ పడక చేరేది రాత్రి పదకొండింటికే. ఉదయపు ధ్యానం నేనే నడిపించాలి కాబట్టి బైబిలు రోజూ చదువుతాను గాని, నా కోసం నేను చదువుకొని ఎంత కాలమైందో గుర్తు లేదు. మోకరిస్తే నీళ్ల ట్యాంకరు వచ్చిందా, రేపటికి బియ్యం సరిపోతాయా అన్న ఆలోచనలే. ఏటా పిల్లలు శిక్షణ ముగించుకొని సేవకు బయలుదేరుతారు. నేను గేటు దాకా సాగనంపి వచ్చి పాత్రలు లెక్కపెట్టుకుంటాను. సెలవు అడిగితే ‘ఇది ఉద్యోగం కాదమ్మా, పరిచర్య’ అంటారు పెద్దలు. సేవకులను తయారుచేసే చోటనే ఉండి నేను ఎండిపోతున్నానంటే లోపం నా విశ్వాసంలో ఉందా? ఇక్కడి నుంచి వెళ్లిపోవడం పాపమా?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, మీ ఉత్తరం చదవగానే నా దృష్టి మీ ప్రార్థన మీదికి కాక, మీరు చెప్పిన వేళల మీదికి పోయింది. నాలుగున్నర నుంచి పదకొండు దాకా అంటే రోజుకు పద్దెనిమిదిన్నర గంటలు. ఇంతగా అలసిన మనిషికి మోకరించగానే బియ్యం మూటలు గుర్తుకు రావడాన్ని అవిశ్వాసమని నేను అనలేను. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనను గద్దించలేదు, వాక్యం చెప్పలేదు. నిద్రపోనిచ్చి, నిప్పుల మీద కాలిన రొట్టె, నీళ్లు ముందుంచి తినమన్నాడు, ఆయన తిని పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు ప్రయాణం, ఆ కొండమీద విన్న నిమ్మళమైన స్వరం ఆ తరువాతి సంగతులు (1 రాజులు 19).

పరిచర్యకు సెలవు ఉండదన్న మాటను నేను ఒప్పుకోను. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసదాసీలతో పాటు పశువులను కూడా చేర్చి చెప్పిన దేవుడు హాస్టలు వార్డెనును మరచిపోయాడా? భోజనం చేయడానికైనా తీరిక లేని శిష్యులను ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకొమ్మని ప్రభువే పిలిచాడు (మార్కు 6). జనం వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారన్నదీ నిజమే. మీకు దొరికే విశ్రాంతికి కూడా అడపాదడపా ఆటంకం కలుగుతుంది. అయినా వారానికి ఒక పూట, ఏడాదికి కొన్ని వారాలు ఆ తాళపుచెవులు మరొకరి చేతికి ఇవ్వవలసిందే. ఈ మాట మీరు ఒంటరిగా వెళ్లి అడగకండి, మీ భర్తే పెద్దల సమావేశంలో ఎత్తడం మంచిది. అలా చేయడం ఆయనకు ఇబ్బందిగా ఉంటే ఆ సంగతి ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి.

ఇక విశ్రాంతితో తీరని చిక్కు ఒకటి ఉంది. వండేవారికి వాసనతోనే కడుపు నిండినట్లుంటుంది. ఉప్పు సరిపోయిందా, కారం ఎక్కువైందా అని పొద్దుటి నుంచి నాలుక మీద వేసుకొని చూసినవారు తీరా కంచం ముందు కూర్చునేసరికి ఆకలి చచ్చిపోతుంది. ధ్యానం కోసం వాక్యం చదివేవారి పరిస్థితీ ఇదే. ఏ వచనం చూసినా ‘దీన్ని పిల్లలకు ఎలా చెప్పాలి’ అన్న ప్రశ్నే ముందు వస్తుంది, ‘ఇది నాతో ఏమంటోంది’ అన్నది వెనకబడుతుంది. పాస్టర్లుగా ఉన్న మాలో ఈ జబ్బు లేనివారు తక్కువ. నాకు మేలు చేసిన ఉపాయం చెబుతాను. ధ్యానానికి, ప్రసంగానికి ఎన్నడూ వాడకూడదని ఒక భాగాన్ని ఎంచుకోండి. 120 నుంచి 134 వరకు ఉన్న యాత్రకీర్తనలు పదిహేనూ చిన్నవే. రోజుకు ఒకటి, పైకి వినబడేలా, నోట్సు రాయకుండా చదవండి. నెలకు ఒక ఆదివారమైనా మిమ్మల్ని వార్డెనమ్మగా ఎరుగని ఏదైనా పల్లె సంఘానికి వెళ్లి, చివరి వరుసలో చాప మీద కూర్చుని వినండి.

మరొకటి. మీ పాఠశాలలో మీరు ఎన్నడైనా ఒక తరగతిలో కూర్చున్నారా? 1912లో దోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్యగారి కాలంలో అక్కడ శిక్షణకు వచ్చిన ఉపదేశకులతో పాటు వారి భార్యలకూ పాఠాలు చెప్పేవారు. వందేళ్లు దాటినా మన చోట్ల బోధకుని భార్యకు వంటశాలే దక్కుతోందంటే నాకు సిగ్గుగా ఉంది. వారంలో ఒక్క పాఠమైనా వినే వీలు కల్పించమని అడగండి.

సాగనంపి వెనక్కి రావడంలోని దిగులు గురించి రాశారు. ఎలీషా నడిపిన ప్రవక్తల శిష్యుల కూటమి కరవు కాలంలో ఉన్నది; పాఠానికి ముందు పెద్ద కుండ పొయ్యి మీద పెట్టమన్నదే అక్కడ వినిపించిన ఆజ్ఞ (2 రాజులు 4). కరవంటే ఏమిటో మన సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మరుగున ఉండి పరిచర్యను నిలబెట్టినవారు ఇక్కడా ఉన్నారు. కడపలో లండన్ మిషనరీ సొసైటీవారు 1822లో పని మొదలుపెట్టారు. ఆ కాలంలో వచ్చిన దొరలకు తెలుగు నేర్పింది మున్షీలనే స్థానిక భాషా బోధకులు. ఒక రకంగా మిషనరీలకు ఇక్కడ మొదట శిక్షణ ఇచ్చినది వారే, అయితే వారిలో ఎందరి పేర్లు మనకు మిగిలాయి?

దావీదు వెంట ఉన్న ఆరువందల మందిలో రెండువందల మంది బెసోరు వాగు దాటలేక సామాను దగ్గర ఆగిపోయారు. వారు ఆగింది సోమరితనం వల్ల కాదు, అలసట వల్ల. యుద్ధం చేసి వచ్చినవారిలో కొందరు దోపుడుసొమ్ములో వారికి వాటా వద్దన్నప్పుడు, వెళ్లినవారికీ సామాను కాచినవారికీ సమాన భాగమేనని దావీదు కట్టడ చేశాడు (1 సమూయేలు 30).

వెళ్లిపోవడం పాపం కాదు. అయితే ఆ నిర్ణయం ఇంత అలసి ఉన్నప్పుడు తీసుకోకండి. ముందు సెలవు సంపాదించి పుట్టింటికో, ఎక్కడికో వెళ్లి కడుపునిండా నిద్రపోండి. కొత్త పిల్లలు చేరే సమయానికి తిరిగి వచ్చి, రెండు మూడు నెలలు పని చేసి చూడండి. సెలవే ఇవ్వనంటే మాత్రం అంతకాలం ఆగనక్కరలేదు, వెంటనే నాకు రాయండి.