లా స్కూల్ కొత్త తరగతి: అంకెల్లో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే బీటెక్ చేసి కొన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంది. ఇప్పుడు అమెరికా వెళ్లి మూడేళ్ల జేడీ (అక్కడి న్యాయశాస్త్ర పట్టా) కోర్సు చదవాలనుకుంటోంది. అక్కడి లా స్కూళ్లు ఏటా కొత్తగా చేరిన విద్యార్థుల ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) స్కోరు, జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు), జాతుల వారీ శాతాలు, పూర్వ చదువులు, ఉద్యోగానుభవం వంటి వివరాలు ప్రకటిస్తున్నాయి. వీటిని బట్టి మా అమ్మాయి అవకాశాలను అంచనా వేయవచ్చా? ఇంజనీరింగ్ చదివినవారిని అసలు చేర్చుకుంటారా?
– ఒక తండ్రి

జవాబు: ఇంజనీరింగ్ విషయంలో మీకు బెంగ అక్కరలేదు. జేడీ డిగ్రీ తరవాత చదివే కోర్సు. ఆ డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలన్న నియమం లేదు. పైగా అమెరికా పేటెంట్ కార్యాలయంలో ఆవిష్కర్తల తరఫున పనిచేయడానికి రాయవలసిన పరీక్షకు సాధారణంగా సైన్సు లేదా ఇంజనీరింగ్ చదువు ఉండి తీరాలి కనుక, ఆ రంగంలో మీ అమ్మాయి బీటెక్ ఆమెకు బలమే అవుతుంది.

అంకెల సంగతి అంత తేలిక కాదు. స్కూళ్లు తమ వెబ్‌సైట్లలో పెట్టే పరిచయ పత్రం ప్రచారానికి ఉద్దేశించినది. తమకు నచ్చిన అంకెలే అందులో ఉంటాయి. దానికంటే, లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ పెట్టిన 509వ ప్రమాణం (నిబంధన) కింద, గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ ఏటా డిసెంబరులో ఒకే నమూనాలో విడుదల చేయవలసిన నివేదికను చదవమని నా సలహా. 120 నుంచి 180 వరకూ ఉండే ఎల్‌శాట్ స్కోరుకూ, జీపీఏకూ అందులో 25, 50, 75 పర్సంటైల్ విలువలు, అంటే చేరినవారిలో అంత శాతం మంది ఏ స్కోరుకు దిగువన ఉన్నారో చెప్పే అంకెలు ఇస్తారు. వీటిలో 50 పర్సంటైలే మధ్య విలువ. మధ్య విలువ కటాఫ్ మార్కు కాదు, చేరినవారిలో దాదాపు సగం మంది దానికి దిగువనే ఉంటారు. అయితే లా స్కూళ్ల ర్యాంకుల లెక్కల్లో ఈ మధ్య విలువలకు ప్రాధాన్యం ఉండడం వల్ల, వాటిని పడిపోనివ్వకుండా స్కూళ్లు జాగ్రత్తపడతాయి.

మీ అమ్మాయి విషయంలో గమనించవలసినది ఇక్కడే ఉంది. భారతీయ విశ్వవిద్యాలయాల మార్కులను దరఖాస్తులు సేకరించే సంస్థ అయిన ఎల్‌శాక్ మదింపు చేస్తుంది గాని, వాటిని అమెరికా జీపీఏగా మార్చదు. కాబట్టి ఆమె మార్కులు ఆ స్కూలు మధ్యస్థ జీపీఏ లెక్కలోకి రావు, ఆమె తరఫున లెక్కలోకి వచ్చే అంకె ఎల్‌శాట్ ఒక్కటే. బీటెక్ మార్కులను ఎవరూ చూడరని దీని అర్థం కాదు. చూస్తారు, కానీ ఆ పరీక్ష మీద పడే బరువు ఆమెకు ఎక్కువ.

జాతుల వారీ పట్టికలోనూ ఇటువంటి తిరకాసే ఉంది. విద్యార్థి వీసాపై వెళ్లేవారిని ఆసియన్ల వరుసలో కాక, విదేశీయుల కోసం ఉన్న విడి వరుసలో లెక్కిస్తారు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు మాత్రం ఆసియన్ల కింద వస్తారు. ఆసియన్ల శాతం ఎక్కువగా ఉన్న స్కూలు మన దగ్గర నుంచి వెళ్లేవారిని ఎక్కువగా చేర్చుకుంటుందని అనుకోవడం, ఆ కారణంగా, పొరపాటే. ఈ పట్టికలను వేర్వేరు సంవత్సరాల మధ్య పోల్చేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మిషిగన్ విశ్వవిద్యాలయ లా స్కూల్ వ్యాజ్యంలో 2003లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని ఒక అంశంగా పరిగణించవచ్చని చెప్పింది. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. 2024లో చేరిన తరగతి ఆ తీర్పు తరవాత పూర్తిగా ఎంపికైన మొదటి తరగతి. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో దరఖాస్తుదారు వ్యాసంలో రాసుకోవచ్చని ఆ తీర్పే చెప్పింది.

మహిళల శాతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1950 దాకా మహిళలను చేర్చుకోని హార్వర్డ్ లా స్కూల్ ఉన్న ఆ దేశంలో, 2016 నుంచి జేడీ విద్యార్థుల్లో వారిదే పైచేయి.

చివరగా, పైన చెప్పిన 509 నివేదికలోనే ప్రచార పత్రాలు సాధారణంగా ప్రస్తావించని రెండు భాగాలు ఉంటాయి: మొదటి ఏడాదిలో ఎందరు మానేశారు, షరతులతో ఇచ్చిన స్కాలర్‌షిప్పులను తరవాత ఎందరికి తగ్గించారు లేదా రద్దు చేశారు. మీ అమ్మాయి ఫీజు కట్టే ముందు ఈ రెండింటినీ చూడడం అవసరం.