పుట్టుకతో వచ్చినది, జన్యులోపం: రెండూ ఒకటేనా?

సందేహం: మా అన్నయ్య కడుపునొప్పికి సీటీ స్కాన్ తీస్తే, క్లోమం (పాంక్రియాస్) ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) చుట్టూ వలయంలా ఉందని, అది పుట్టుకతోనే ఏర్పడిందని తేలింది. అమ్మకు అర్థం కావాలని 'క్లోమానికి జన్యులోపం' అని తెలుగులో రాసి ఇచ్చాను. అప్పటి నుంచి అది ఎవరి వైపు నుంచి వచ్చిందోనని ఆమె దిగులు పడుతోంది. నేను రాసింది సరైనదేనా? 'జన్మతః నుంచి ఉంది' అనవచ్చునా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: 'జన్యులోపం' ఇక్కడ పొసగదు. పుట్టేనాటికే ఉన్నది ఏదైనా పుట్టుకతో వచ్చినదే. జన్యువుల్లోని తేడా వల్ల కలిగినది జన్యుపరమైనది. తల్లిదండ్రుల నుంచి సంక్రమించినది వంశపారంపర్యం. పత్రికలు సైతం ఈ మూడింటినీ కలగాపులగం చేయడం బాధాకరం. ఒక్క మాట తేడాతో తల్లి మనసులో లేనిపోని అపరాధభావం చేరుతుంది.

గర్భస్థ శిశువులో క్లోమం రెండు మొగ్గలుగా మొదలవుతుంది. ముందువైపు మొగ్గ ఆంత్రమూలంతో పాటు వెనక్కి తిరిగి, సుమారు ఏడో వారంలో రెండో మొగ్గతో కలిసిపోవాలి. ఆ తిరగడంలో తేడా వస్తే క్లోమ కణజాలం ఆంత్రమూలాన్ని పూర్తిగానో కొంతమేరకో చుట్టుకుంటుంది. దీన్ని 1818లో శరీరనిర్మాణ శాస్త్రవేత్త టీడెమాన్ వర్ణించగా, 1862లో మరో శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఎక్కర్ దీనికి ఇప్పుడున్న 'యాన్యులర్ పాంక్రియాస్' అన్న పేరు పెట్టారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే కానీ, క్రోమోజోములకు సంబంధించిన ఆ స్థితి కూడా చాలావరకు వంశపారంపర్యం కాదు. కొందరు పెద్దల్లో ఏ బాధా లేకుండా, వేరే కారణానికి తీసిన స్కాన్‌లో ఇది బయటపడుతుంది. కాబట్టి 'వ్యాధి' అనడం కన్నా 'నిర్మాణ లోపం' అనడమే న్యాయం.

అమ్మగారికి ఇలా రాసి ఇవ్వండి: "అన్నయ్య క్లోమం పుట్టుకతోనే ఆంత్రమూలాన్ని వలయంలా చుట్టుకొని ఉంది." వైద్యవ్యాసానికైతే 'వలయాకార క్లోమం' అన్న సమాసం చక్కగా సరిపోతుంది. సంస్కృతంలో 'క్లోమ' శబ్దానికి ఊపిరితిత్తి అనే అర్థం కూడా ఉంది గనుక, పాత గ్రంథాలు చదివేటప్పుడు మాత్రం సందర్భం చూసుకోవాలి. నేటి తెలుగు పాఠ్యపుస్తకాల్లో క్లోమం అంటే ఇన్సులిన్‌ను తయారుచేసే ఈ గ్రంథే.

ఇక 'జన్మతః' అన్న మాటలోని 'తః' సంస్కృతంలో పంచమీ విభక్తి అర్థంలో వచ్చే ప్రత్యయం. 'నుంచి' అన్న అర్థం అందులోనే ఉంది కాబట్టి 'జన్మతః నుంచి' అంటే పునరుక్తి దోషం. 'జన్మతః ఉంది' అన్నా, 'పుట్టుక నుంచి ఉంది' అన్నా సాధువే.