దాహం చంపుకోవద్దు, చెల్లీ

చెల్లికి,

రొట్టెల పండక్కి నువ్వు రాలేదు. మోకాళ్ల నొప్పులని ఫోన్లో చెప్పావు గానీ, అది మోకాళ్ల సంగతి కాదని, ఆపుకోలేక ఒంటేలు కారడమని నాకు కందుకూరు పెళ్లిలోనే అర్థమైంది. కల్యాణ మండపంలో అడుగు పెట్టగానే బాత్‌రూమ్ ఎటుందని అడిగావు. భోజనాల దగ్గర నీళ్ల గ్లాసు ముట్టుకోలేదు. పెళ్లికూతురి తమ్ముడి మాటలకు అందరం పగలబడి నవ్వుతుంటే, నువ్వు మాత్రం కాళ్లు దగ్గరికి ముడుచుకుని నవ్వు మింగేశావు. లేచేటప్పుడు వెనక్కి తిరిగి కుర్చీ చూసుకున్నావు. ఆ చూపు నాకు తెలుసు. ముట్లు ఆగిన కొత్తలో రెండేళ్లు నేనూ అట్లా కుర్చీలు చూసుకుంటూనే తిరిగాను.

ఏఎన్ఎంగా ముప్ఫై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి బాలింతలకు బోలెడు చెప్పినదాన్ని, నా ఒంటి సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పైగా నువ్వు ఇప్పుడు చేస్తున్న పనే చేశాను: నీళ్లు మానేశాను. పొద్దున టీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు లేవు, రోహిణి కార్తెలో కూడా. ఒంటేలు చిక్కబడి మంట మొదలైంది. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని, రెండు వేసుకోగానే తగ్గిందని ఆపేశాను. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది, ఈసారి చలిజ్వరం, నడుం పక్కన పోటుతో. చిక్కటి ఒంటేలు మూత్రాశయాన్ని రేపుతుందే తప్ప, నీళ్లు మానితే ఒంటేలు తొందర తగ్గదమ్మా. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగు, ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించు. నీ అయిదు టీలు రెండుకు దించు. అది నీకు కష్టమే, తెలుసు.

ఇది వయసు తెచ్చే శాపమని అత్తగారు అన్నారట. ముట్లాగాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడమే అసలు సంగతి. యోని గోడలను, మూత్రనాళాన్ని మందంగా, తేమగా ఉంచేది అదే. అది తగ్గితే ఆ చర్మం పలచబడుతుంది, అక్కడుండే మంచి బ్యాక్టీరియా తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లు మాటిమాటికీ వస్తాయి. వేడి ఆవిర్లు కొన్నేళ్లకు వాటంతటవే తగ్గొచ్చు గానీ, ఈ పొడిబారడం ఊరుకుంటే తగ్గే రకం కాదు. దీనికితోడు కాన్పులు, పొగాకు గ్రేడింగులో నువ్వు ఎత్తిన బేళ్లు, మలబద్ధకం అన్నీ కలిసి పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్ని పట్టి ఉంచే కండరాలను వదులు చేశాయి.

ఆ కండరాలకు కసరత్తు ఉంది. 1948లో కెగెల్ అనే అమెరికా డాక్టర్ రాశాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఎట్లా బిగబడతావు? అట్లా వెనక బిగించి, ఆ బిగింపును ముందుకు తెచ్చి, లోపలికి పైకి లాగు. అయిదు లెక్కపెట్టి వదులు, ఆ తర్వాత అంతేసేపు విశ్రాంతి. ఇట్లా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మెల్లగా అయిదును పది చేసుకో. పొట్ట, తొడలు బిగిస్తే లాభం లేదు, ఊపిరి ఆపకూడదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూడు, అది కదలకూడదు. ఒంటేలు పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయొద్దు. నేను పాలు పొంగేదాకా స్టవ్ దగ్గర నిలబడి చేసేదాన్ని. నెల తిరక్కుండానే ఏమీ తగ్గలేదని విసుక్కున్నాను కూడా. కనీసం మూడు నెలలు చెయ్యాలి. దగ్గు, తుమ్ము వచ్చేముందు, బిందె ఎత్తేముందు ఒకసారి బిగించడం అలవాటైతే అప్పటికప్పుడే తేడా తెలుస్తుంది.

ఇంటి తాళం తీస్తుండగానే తొందర వస్తుందన్నావు కదా, అది వేరే రకం. అప్పుడు పరిగెత్తకు. నిలబడ్డచోటే నిలబడి గబగబా అయిదారుసార్లు బిగించి వదులు. ఆ తొందర అలలాగా వచ్చి పోతుంది, పోయాక నడువు. ముందుజాగ్రత్తకని అరగంటకోసారి వెళ్లడం మాను. ఇప్పుడు గంటకోసారైతే వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ మూడు గంటలకు తీసుకురా.

ఇంకో మాట, మరిదిగారి ముందు చదవొద్దు. దగ్గరకు వస్తే మంట, నొప్పి అని పక్క మార్చేస్తున్నావట. డెటాల్ నీళ్లు, సబ్బు లోపలికి పోనివ్వకు, ఎండిన చర్మం ఇంకా ఎండుతుంది. డాక్టర్ రాసిస్తే యోనిలో పూసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది. తక్కువ మోతాదు, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. నాకు కొన్ని వారాలకు పనిచేసింది, ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందుగా ఆ మాట చెప్పి తీరాలి.

గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందని ఎవరో చెప్పారన్నావు. నాకూ ఒక డాక్టర్ మొదటి రోజే ఆ మాట అన్నాడు, నేను ఇంకో చోట చూపించుకుని బతికాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం, మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం. ఒంటేలు కారడానికి ఆ ఆపరేషన్ మందు కాదు. కింద ఏదో జారినట్టు, ఉండలాగా తగిలితే అది వేరే సంగతి, దానికీ ముందు కసరత్తు, లోపల పెట్టే రింగు ఉన్నాయి. ముట్లాగి ఏడాది దాటాక రక్తం చుక్క కనిపించినా, మూత్రంలో రక్తం పడినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, ఆ రోజే ఆస్పత్రికి పో.

మూడు రోజులు ఎప్పుడు నీళ్లు తాగావో, ఎప్పుడు వెళ్లావో, ఎప్పుడు తడిసిందో పిల్లల పాత నోటుబుక్కులో రాసిపెట్టు. షుగర్, మూత్ర పరీక్ష కావలిలోనే చేయించుకో, షుగర్ ఉన్నా ఇట్లాగే మాటిమాటికీ వస్తుంది. సోమవారం ఆ కాగితాలతో నెల్లూరు రా. ఒక ప్యాడ్, మార్చుకోను చీర సంచిలో పెట్టుకుని, నీళ్ల సీసా కూడా పెట్టుకుని రా. బస్టాండులో నేనుంటాను, డాక్టరమ్మ దగ్గర నువ్వు నోరు విప్పకపోతే నేను చెప్తాను.

మీ అక్క