విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫ్లట్టర్‌తో ఐఫోన్ యాప్ చేయొచ్చా?

ఫ్లట్టర్ అంటే ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్‌లు చేసే సాధనం. కోడ్ మొత్తం విండోస్‌లోనే రాసుకోవచ్చు, కానీ ఐఫోన్‌లో ఎక్కించే ఫైల్ తయారు కావాలంటే మ్యాక్ ఉండాల్సిందే. యాప్‌ని కంపైల్ చేసి, డిజిటల్‌గా సైన్ చేసే యాపిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ మ్యాక్‌ఓఎస్ మీద తప్ప నడవదు. ఫ్లట్టర్ కూడా చివరికి దాన్నే పిలుస్తుంది. ఉదాహరణకు, కెమెరాతో బిల్లు స్కాన్ చేసే యాప్ తీసుకోండి. విండోస్‌లో ‘ఫ్లట్టర్ బిల్డ్ ఏపీకే’ కొడితే ఆండ్రాయిడ్ ఫైల్ వచ్చేస్తుంది, ఐఫోన్ ఫైల్ కోసం కొట్టే ‘బిల్డ్ ఐపీఏ’ మాత్రం పనిచేయదు. పైగా ఐఫోన్ యాప్ వివరాలుండే ఇన్ఫో.పీలిస్ట్ ఫైల్లో కెమెరా ఎందుకో ఒక వాక్యం రాయకపోతే, ఐఫోన్‌లో కెమెరా తెరవబోగానే యాప్ క్రాష్ అవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఎంత పరీక్షించినా ఈ లోపం బయటపడదు.

‘ఒకే కోడ్’ అంటే ‘ఒకే మెషీన్ చాలు’ అని చాలామంది పొరబడతారు. మ్యాక్ కొనలేకపోతే గిట్‌హబ్ యాక్షన్స్ అనే ఆన్‌లైన్ సేవలో మ్యాక్ రన్నర్ (మన కోడ్‌ని బిల్డ్ చేసిపెట్టే, ఆన్‌లైన్‌లో ఉండే మ్యాక్) వాడుకోవచ్చు. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్ల యాపిల్ డెవలపర్ సభ్యత్వం అదనం.