పిల్లల మీద వేధింపుల ఆరోపణను తొక్కిపెట్టిన మత పెద్దల చేత జవాబు చెప్పించడం ఎలా?

మీరు అడిగింది ఇది: ఒక పిల్లాడి మీద లైంగిక వేధింపు జరిగిందని తల్లిదండ్రులు చెబితే, మత సంస్థ పెద్దలు "లోపల విచారించాం, ఆరోపణ వచ్చిన వ్యక్తిని వేరే చోటికి పంపేశాం" అని ముగించేశారు. ఇప్పుడు ఆ పెద్దల మీద ఏం చేయొచ్చు?

ఇందులో రెండు వేర్వేరు తప్పులున్నాయి. వేధించినవాడిది ఒకటి, తెలిసీ పోలీసులకు చెప్పనివాళ్లది రెండోది. రెండింటినీ ఒకే కాగితంలో కలిపి రాస్తే రెండోది మరుగున పడిపోతుంది. అందుకే విడివిడిగా రాయండి.

మొదటి ఫిర్యాదు నేరుగా పోలీసులకు గానీ బాలల రక్షణ అధికారులకు గానీ వెళ్లాలి. అంతకుముందే సంస్థకు చెబితే నిందితుడికి కబురు అందుతుంది, ఫోన్లలో మెసేజ్‌లు మాయమవుతాయి. పిల్లాణ్ని మళ్లీ మళ్లీ అడగకండి. తనంతట తాను చెప్పిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు, తేదీ, సమయం వేసి రాసిపెట్టండి. "అంకుల్ ఇక్కడ ముట్టుకున్నాడా?" లాంటి ప్రశ్న వేస్తే, జవాబు మీరే నేర్పించారని రేపు కోర్టులో వాదిస్తారు. వివరాలు రాబట్టడం శిక్షణ ఉన్నవాళ్ల పని.

పెద్దల మీద కేసు నిలబడేది తేదీల పట్టికతోనే. నాలుగు గడులు చాలు: తేదీ, ఆ రోజు ఎవరికి ఏం తెలిసింది, వాళ్లేం చేశారు, దానికి ఆధారం ఏమిటి. బదిలీ కాగితం, కమిటీ మినిట్స్, వాట్సాప్ సందేశాలు ఏవి దొరికినా కాపీ తీసి భద్రపరచండి. కాగితాల్లోని భాషను ప్రత్యేకంగా చూడండి. 2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ (నేరాలపై ఆధారాలు పరిశీలించే పౌరుల బృందం) కాథలిక్ డయోసిస్‌ల (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతాల) పాత ఫైళ్లు తిరగేసినప్పుడు అత్యాచారం అనాల్సిన చోట "హద్దుల సమస్య" అనీ, తప్పించిన ఫాదర్ గురించి విశ్వాసులకు "అనారోగ్య సెలవు" అనీ చెప్పే పద్ధతి బయటపడింది. హఠాత్తుగా జరిగిన బదిలీకి కారణం రాయలేదంటే, ఆ ఖాళీని కూడా పట్టికలో ఎక్కించండి.

తర్వాత పెద్దలకు రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. మీకు మొదట ఏ రోజు తెలిసింది? పోలీసులకు ఎవరు, ఎప్పుడు చెప్పారు, ఫిర్యాదు నంబరు ఎంత? ఆ వ్యక్తి ఇప్పుడున్న చోట పిల్లలకు దూరంగా ఉన్నాడా? రెండో ప్రశ్నను అస్సలు వదలకండి. క్రైస్తవ శిబిరాల్లో పరిచయమైన బాలుర్ని వేధించిన బ్రిటిష్ లాయరు జాన్ స్మిత్ వ్యవహారంలో, ఇంగ్లండ్ చర్చికి అప్పట్లో పెద్దగా ఉన్న కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, పోలీసులకు సమాచారం వెళ్లిందని 2013లో తనకు చెప్పారని, దాన్ని నమ్మానని అన్నారు. ఆయన మరింత పట్టించుకోవాల్సిందని ఆ వ్యవహారంపై జరిగిన మేకిన్ సమీక్ష తేల్చింది. 2024 నవంబరులో రాజీనామా ప్రకటించారు. ఆయన ఎవర్నీ వేధించలేదు. అయినా పదవి పోయింది. "చెప్పారనుకున్నాం" అనే జవాబుతో సరిపెట్టుకోకండి.

రెండో ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలనేది దేశాన్ని బట్టి ఉంటుంది. భారత్‌లో పోక్సో చట్టం (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. కాథలిక్ బిషప్ విచారణకు అడ్డుపడితే 2019లో పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన 'వోస్ ఎస్తిస్ లుక్స్ ముంది' నిబంధనల కింద ఫిర్యాదు చేయొచ్చు. మత అధికారుల దగ్గరికి వెళ్లడం పోలీసు ఫిర్యాదుకు బదులు కాదు, దానికి అదనం. సంస్థకు రిజిస్ట్రేషన్ ఇచ్చిన శాఖకూ ఒక కాపీ పంపండి.

పెద్దలు తరచూ "స్వతంత్ర విచారణ" వేస్తామంటారు. దాన్ని నడిపేది ఎవరో చూడండి. సంస్థ తన తరఫున పెట్టుకున్న లాయరే విచారిస్తే, ఆ నివేదికను క్లయింటుకూ లాయరుకూ మధ్య గోప్యమైనదని దాచేసే వీలుంటుంది. నివేదికను పూర్తిగా బయటపెడతామని ముందే రాతలో తీసుకోండి. సంస్థలో ఈ ఆరోపణను మొదట అందుకున్న మనిషి ఆ విచారణ కమిటీలో ఉండకూడదు.

ఇక క్షమాపణ సమావేశం. పిల్లాణ్ని, వేధించినవాణ్ని ఒకే గదిలో కూర్చోబెట్టి "క్షమించాను" అనిపించడం పిల్లాడికి రెండో దెబ్బ. దీనికి ఒప్పుకోకండి. డబ్బు ఇచ్చి, నోరు మెదపకూడదన్న షరతుతో ఒప్పంద పత్రం చేతిలో పెడితే, మీ సొంత లాయరు చదివేదాకా సంతకం చేయకండి. పోలీసులకు చెప్పే హక్కు పోతుందనే వాక్యం అందులో ఉంటే ఆ కాగితాన్ని కూడా ఆధారంగా పట్టికలో చేర్చండి.