విశాఖ ఎండలో కూడా యాక్సిడెంట్ పేషెంటుకి దుప్పటి ఎందుకు కప్పుతారు?

రక్తం బాగా పోయిన మనిషి ఒళ్లు మే నెలలోనైనా చల్లబడుతుంది, ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు, అందుకే కప్పుతారు. గడ్డకట్టించే ఎంజైములు, ప్లేట్‌లెట్లు ఒంటి మామూలు వేడి, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా పనిచేస్తాయి. 35 కంటే దిగితే మందగిస్తాయి. రక్తం ఆగదు, ఆగకపోవడంతో ఒళ్లు ఇంకా చల్లబడుతుంది.

ఆనందపురం హైవే మీద బైకు పడిందనుకోండి. బట్టలు రక్తంతో, చెమటతో తడిసి ఉంటాయి. అంబులెన్సులో ఏసీ. క్యాజువాలిటీలో ఎక్కించే సెలైన్ గది చలువలోనే ఉంటుంది, బ్లడ్ బ్యాంకు రక్తమైతే 2-6 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి వస్తుంది. అందుకే ముందు రక్తం కారే చోట గట్టిగా నొక్కిపట్టి, తడిబట్టలు కత్తిరించి తీసి, ఒళ్లు తుడిచి, పొడి దుప్పటి కప్పుతారు. సెలైన్, రక్తం వార్మర్ (వెచ్చబెట్టే పరికరం) గుండా ఎక్కిస్తారు. తడిబట్టల మీదే కప్పితే దుప్పటి దండగే.

బంధువులు మాత్రం "చెమటలు పట్టేస్తున్నాయి, ఫ్యాన్ వేయండి సిస్టర్" అంటారు. అది ఉక్కపోత చెమట కాదు, షాక్ చెమట, అంటే రక్తం పోయి అవయవాలకు సరిపడా రక్తం అందనప్పుడు పట్టే చెమట. ముట్టుకుంటే చర్మం చల్లగా, జిగటగా తగులుతుంది. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది.