ఆటలతో చిన్నారుల చేతివేళ్లకు నేర్పు

ఏడాది నుంచి 3 ఏళ్ల లోపు పిల్లల చేతివేళ్లకు ఆటల ద్వారా పట్టు ఎలా పెంచాలన్నది ప్రశ్న. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును తీసే నేర్పు సాధారణంగా 9 నుంచి 12 నెలల మధ్య అలవడుతుంది కాబట్టి, ఆ తర్వాతి ఆటలు దానికి బలాన్నీ కచ్చితత్వాన్నీ చేకూర్చేవిగా ఉండాలి. నా దృష్టిలో మెత్తని పిండిముద్దకు సాటివచ్చే ఆటవస్తువు లేదు; దాన్ని పిసికి, గిల్లి, ఉండలు చుట్టేటప్పుడు, మున్ముందు పెన్సిలు పట్టుకోవడానికి అవసరమయ్యే కండరాలే పనిచేస్తాయి. కాగితాలు చింపడం, డబ్బా మూతలు తిప్పడం, దిమ్మెలు పేర్చడం కూడా మంచివే. గీతలు గీయడానికి పొట్టి క్రేయాన్ ఇవ్వండి, ఎందుకంటే దాన్ని పిడికిలితో కాక వేళ్లతోనే పట్టుకోవలసి వస్తుంది. ఈ వయసు పిల్లలు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు కనుక, పూసలు, గుండీల వంటివి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది, వాటిని అందనివ్వకండి.